తోళ్ల బాయి నీళ్లు

గోదాము వరండా కప్పు సగం కూలి నాలుగు రోజులైంది. మిగిలిన సగం ఇంకా గోడను పట్టుకుని వేలాడుతూనే ఉంది. దాని కిందికి ఎవరూ పోకుండా తుమ్మకంప అడ్డం వేశారు. కూలిన సగం హమాలీ చెన్నయ్య మీద పడింది. భుజాన జొన్న బస్తాతో మెట్టెక్కుతున్నవాడు బస్తాతోపాటే అణిగిపోయాడు. నెత్తురు ఇంకిన చోట గోదాము గుమాస్తా రెండు తట్టల ఇసుక పోయించాడు.

ఐదో రోజు పొద్దున వికారాబాదు నుంచి ప్యాసింజరు బండిలో సిమెంటు పరీక్షలు చేసే సారు తాండూరులో దిగాడు. పేరు చంద్రశేఖర్. ఇంకా పాతికేళ్లు దాటని మనిషి. చేతిలో చెక్కపెట్టె, చంకలో ఎండుగడ్డి చుట్టిన గాజు సీసా. మందుల వల్ల కాబోలు, ఆయన వేళ్ల కొనలు నేరేడు పళ్లు తిన్నట్టు నల్లగా ఉన్నాయి.

నిచ్చెన పట్టుకోవడానికి, రాలిన పెళ్లలు ఏరడానికి ఆయనకొక కూలి మనిషి కావలసి వచ్చింది. గంజి బజారులో ఎవరిని అడిగినా ఆ కప్పు కిందికి రామన్నారు. బుగ్గమ్మ వస్తానంది. ఆమె చెన్నయ్యకు స్వంత అక్క. మొగుడు పోయినప్పటినుంచీ తమ్ముడి ఇంట్లోనే ఉండి కూలికి పోతోంది.

"నీకెందుకే ఇది? ఇంకో పని చూపిస్త," అన్నాడు గుమాస్తా.

"మా తమ్ముని మీద ఏం పడ్డదో జర కండ్లతోని చూస్త," అంది బుగ్గమ్మ.

చంద్రశేఖర్ నిచ్చెనెక్కి చిన్న సుత్తితో కప్పు అడుగున తట్టుకుంటూ పోయాడు. ఒకచోట ఖంగుమంది. రెండడుగులు జరిగితే బొదబొదమంది. బొదబొదమన్న చోటల్లా సుద్దముక్కతో గీత గీశాడు. బుగ్గమ్మ నిచ్చెన కాళ్లు రెండు చేతులతో బిగించి పట్టుకుని తలెత్తి చూస్తోంది. మధ్యాహ్నానికి ఖంగుమనే జాగాలు నాలుగైదే మిగిలాయి.

"కుండ కొనేటప్పుడు తట్టి చూస్తం గద సారు, గట్లనే ఉన్నది," అంది.

"గంతే. లోపల పొర ఊడితే బోలుగ పలుకుతది." ఆయన దిగివచ్చి, కూలిన కుప్పలోంచి తలకాయంత పెళ్లను దొర్లించి పెద్ద సుత్తితో ఒక్కటేశాడు. పెళ్ల రెండుగా విచ్చుకుంది. విచ్చుకున్న ముఖాన్ని వేలితో రాసి ఆమెకు చూపించాడు. "ఇగో చూడు. సిమెంటు తక్కువ కలిపితే కంకర రాళ్లు ఊడివస్తయి. ఇక్కడ కంకరే మధ్యల పగిలింది. సిమెంటు మాల్ గట్టిగనే కలిపిండ్రు."

బుగ్గమ్మ పగిలిన కంకరను తానూ వేలితో తడిమింది. మాల్ కలిపించింది జంగప్ప మేస్త్రి. సిమెంటు మింగి మనిషిని చంపాడని కప్పు కూలిన రోజే పోలీసులు అతన్ని పట్టుకుపోయారు. అయిదు రోజులుగా ఠాణాలో కూర్చోబెట్టారు.

"మరి మేస్త్రిని ఎందుకు పట్టిండ్రు సారు?"

"ఎవరినో ఒకరిని పట్టాలె గదా," అని చంద్రశేఖర్ పెళ్లలోంచి బయటికి పొడుచుకొచ్చిన సలాకను వంచాడు. అది వంగలేదు, పుటుక్కున విరిగింది. బొటనవేలంత లావుండవలసిన ఇనుము చిటికెన వేలంతే మిగిలింది. మీదినుంచి తుప్పు రేకులు రేకులుగా ఊడి ఆయన అరచేతిలో పడింది. "ఇనుము తుప్పు పట్టిందంటే ఉబ్బుతది. లోపల దానికి జాగ యాడిది? ఆగలేక సిమెంటును చీల్చుకొని వస్తది. గట్ల చీలిందే ఈ కప్పు."

"వాన నీళ్లకు పట్టి ఉంటదా?"

"ఊరికే పట్టదు. మంచి సిమెంటు ఇనుమును కాపాడ్తది. ఏడేండ్లల్ల ఇంత తిన్నదంటే దాన్ని తినేది ఏదో లోపలికి పోయింది. కప్పు పోసిననాడే పోయింది."

పోసిననాడు బుగ్గమ్మ అక్కడే ఉంది. ఆ మాట ఆయనకు చెప్పలేదు. ఏరిన పెళ్లలను తట్టకెత్తుకుని గోదాము లోపలికి నడిచింది.

*

గుమాస్తా గదిలో బల్ల మీద కాగితాలు పక్కకు తోసి చంద్రశేఖర్ తన సామాను పరిచాడు. ఇనుప రోలు లాంటి చిన్న గిన్నెలో సలాక పక్కనున్న సిమెంటును దంచమన్నాడు. బుగ్గమ్మ కింద కూర్చుని పసుపు దంచినట్టు మెత్తగా దంచింది. ఆయన ఆ పొడిని తూచి, వికారాబాదు నుంచి మోసుకొచ్చిన సీసాలోని నీళ్లు పోసి స్పిరిటు దీపం మీద పెట్టాడు. ఏదో ఘాటైన మందు నాలుగు చుక్కలు వేశాడు. మరిగింది. కాగితంలోంచి వడగట్టాడు. గాజు గొట్టంలోకి దిగిన నీరు తేటగా, తాగవచ్చనిపించేలా ఉంది.

"ఇక్కడి నీళ్లు ఎందుకు పొయ్యలేదు సారు? అంత దూరం నుంచి మోసుకొస్తిరి?"

"ఇక్కడి నీళ్లల్ల ఉప్పుంటే, సిమెంటుల ఉన్న ఉప్పేదో నీళ్లల్లదేదో ఎట్ల తెలుస్తది? ఇవి ఆవిరి పట్టి తీసిన నీళ్లు. వీట్ల ఏమీ ఉండదు."

ఉప్పు అన్న మాటకు, ఇంకో పెళ్లను దంచుతున్న బుగ్గమ్మ చేతులు ఆగాయి. ఆయన గోధుమరంగు సీసా మూత తీశాడు. "ఇది వెండితోని చేసిన మందు. ఉప్పుంటే తెల్లగ విరుగుతది. లేకుంటే గిట్లనే తేటగ ఉంటది." ఒక చుక్క జార్చాడు.

తేట నీళ్లలో చుక్క పడ్డ చోట తెల్లటి దారం లాంటిది పుట్టింది. ఇంకో చుక్క వేశాడు. గొట్టమంతా విరిగిన పాలలాగా అయిపోయి, తునకలు మెల్లగా అడుగుకు దిగాయి. చంద్రశేఖర్ గొట్టాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. ఇంకో పెళ్ల పొడితో చేశాడు. అదీ విరిగింది. ఆ తర్వాత పసుపు నీళ్లలాంటి మందు కలిపి, సన్న గొట్టంలోంచి వెండి మందు చుక్కలు లెక్కబెడుతూ అది ఇటుక రంగుకు తిరిగే దాకా వదిలాడు. అలా మూడుసార్లు. పుస్తకంలో రాసుకున్నాడు.

"ఇంత ఉప్పు ఇసుకల నుంచి రాదు," అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. "నీళ్లల్ల నుంచే రావాలె. కాగితాలల్ల కాగ్నా వాగు నీళ్లు వాడినమని రాసి ఉంది. పోయి కాగ్నా నీళ్లు ఒక చెంబెడు తెస్తవా అమ్మా?"

బుగ్గమ్మ మైలు దూరం నడిచిపోయి కాగ్నాలో ఇసుక తోడి, ఊరిన నీళ్లు తెచ్చింది. వెండి మందు వేస్తే కొద్దిగా మసకబారాయి, అంతే.

"ఇవి కావు. ఇంకెక్కడి నీళ్లన్న వాడిండ్రా? నీకు ఎరుకనా?"

గోదాము వెనక నూరు గజాల దూరంలో తోళ్ల కార్ఖానా. గొర్రెతోళ్లకు, మేకతోళ్లకు ఉప్పు పట్టించి ఆరబెడతారు. దాని పక్కనే బావి. ఆ నీళ్లు ఎవరూ తాగరు. బంట్వారం నుంచి కురుమలు గొర్రెలను తోలుకొచ్చినప్పుడు అవి ఆ బావి ఒరలు నాకడానికి ఎగబడతాయి. గొర్రెల వెంట పుట్టి పెరిగిన బుగ్గమ్మకు అది చిన్నప్పటినుంచే తెలుసు.

"నాకేం ఎరుక సారు," అంది.

*

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో శాంతవ్వ కూర్చుని ఉంది. జంగప్ప మేస్త్రి పెండ్లాం. ఆమె తలుపు ముందు కొంగు పరిచి, లోపలికి చూస్తూ ఏడుస్తోంది.

"భీమమ్మా, నీ కాళ్లు మొక్కుత. ఠాణాలకు వచ్చి ఒక్క మాట చెప్పు. మా ఇంటాయన పిడికెడు సిమెంటు తినలె. అయిదు దినాలాయె, మనిషి అన్నం ముట్టుకుంట లేడు. పోలీసోల్లు కొడుతున్నరు."

చెన్నయ్య పెండ్లాం భీమమ్మ లోపలినుంచి వచ్చింది. చంకలో రెండేళ్ల ఆడపిల్ల. గాజుల్లేని చేత్తో వాకిట్లోని దుమ్ము పిడికెడు తీసి శాంతవ్వ మీద చల్లింది.

"కొట్టనియ్యి. సచ్చేదాక కొట్టనియ్యి. నా ఇంటోడు లేస్తడా? లే నా వాకిట్లకెల్లి!"

శాంతవ్వ దుమ్ము దులుపుకోలేదు. అలాగే లేచి, అలాగే వెళ్లిపోయింది. బుగ్గమ్మ దారిచ్చి పక్కకు నిలబడింది. శాంతవ్వ వీపు సందు మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆమె అన్నం కలుపుకుంది గానీ తినలేకపోయింది. ఎదురుగా భీమమ్మ పిల్లకు ముద్దలు పెడుతోంది. ఏడేళ్ల కిందటి ఎండాకాలం బుగ్గమ్మ కళ్లముందుకు వచ్చింది. గోదాము మంత్రిగారి చేతుల మీదుగా తెరిపించాలని గుత్తేదారు తొందర. కాగ్నా ఎండి, నీళ్ల బండ్లు దినానికి రెండు కూడా రావడం లేదు. కూలీల చేత పని చేయించే ముకద్దం నర్సింహులు తుమ్మ కట్టె పట్టుకుని తోళ్ల బావి గిలక దగ్గర నిలబడ్డాడు. ఉప్పు నీళ్లు గదా అని ఎవరో అంటే, "కప్పు ఏమన్న తాగి రుచి చూస్తదా? నడువుండ్రి!" అని అరిచాడు. పన్నెండు మంది ఆడోళ్లు బిందెలు ఎత్తుకుని వరసగా ఉరికారు. కొత్తగా కాపురానికి వచ్చిన భీమమ్మ కూడా ఆ వరసలో ఉంది. నడుం వంచి బిందె ఎత్తుకోవడం ఇంకా రాక, రవికె అంతా తడుపుకుని, నవ్వు ఆపుకోలేక ఉరికింది. కప్పు ఒక్క దినంలో పోశారు. పోసినాక పది దినాలు ఆ నీళ్లతోనే తడిపారు.

చెప్తే మేస్త్రి బయటపడతాడు. చెప్తే ఎవరెవరు మోశారని అడుగుతారు. మొగుణ్ని చంపిన నీళ్లు తానే నెత్తిన మోసిందని భీమమ్మకు తెలుస్తుంది.

పిల్ల ముద్ద మింగక మొండికేసింది. భీమమ్మ దాని మూతి తుడిచి, "తిను తల్లీ, మీ నాయన వచ్చినంక..." అని నోరు జారి ఆగిపోయింది. బుగ్గమ్మ కంచం తీసుకుని లేచింది.

*

మర్నాడు పొద్దున్నే ఆమె తోళ్ల బావి నీళ్లు బిందెడు తోడుకుని చంద్రశేఖర్ ముందు దించింది.

"పరీక్ష చెయ్యిండ్రి సారు."

మందు వేయగానే గొట్టంలో నీళ్లు గడ్డపెరుగయ్యాయి. చంద్రశేఖర్ ముఖం వెలిగింది. ఎన్నాళ్లుగానో వెతుకుతున్న వస్తువు దొరికినవాడిలా ఆయన బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఈ నీళ్లేనా వాడింది? నీకెట్ల తెలుసు?"

"నేనే మోసిన."

"నీతోని ఇంకెవరున్నరు?"

బుగ్గమ్మ బిందె అంచును కొంగుతో తుడిచింది. "ఎవ్వరు లేరు. నేనొక్కదాన్నే."

"ఎవరన్న తెమ్మన్నరా?"

ముకద్దం పేరు చెప్తే వాణ్ని పిలుస్తారు. వాడు వస్తే పన్నెండు మంది పేర్లూ చెప్తాడు. "ఎవ్వరు చెప్పలె. కాగ్నా దూరమని నేనే తెచ్చిన."

చంద్రశేఖర్ ఆ మాటలు ఆ మాటలుగానే రాసుకున్నాడు. చదివి వినిపించి, కింద వేలిముద్ర వేయించుకున్నాడు. "భయపడకు. నువ్వు చేసింది మేలే. మేస్త్రి ఇయ్యాలో రేపో బయటికొస్తడు చూడు," అని ధైర్యం చెప్పాడు. సామాను పెట్టెలో సర్దుకుని మధ్యాహ్నం బండికి వికారాబాదు వెళ్లిపోయాడు.

ఆయన అన్నట్టే ఆ మర్నాడు జంగప్పను వదిలారు. యాభై దాటిన మనిషి, గోడ పట్టుకుని నడుస్తూ గంజి బజారు దాటాడు. ఎవరూ పలకరించలేదు. బుగ్గమ్మ కూరగాయల గంపల పక్కన నిలబడి చూసింది. అతని ఎడమ చేయి మోచేతి నుంచి వాచి ఉంది.

మేస్త్రిని ఎందుకు వదిలారో భీమమ్మకు అంతు పట్టలేదు. లంచం తిని వదిలారని రోజంతా తిట్టింది.

*

నాలుగు రోజుల తర్వాత సాయంత్రం, భీమమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్న రొట్టెలు కొడుతుండగా వాకిట్లో ఎవరో దగ్గారు. చంద్రశేఖర్. చేతిలో మడిచిన కాగితం. బుగ్గమ్మ బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది గానీ అది పూర్తిగా పడలేదు.

"రేపు పది గంటలకు వికారాబాదుల ఇంజనీరు సాబ్ దగ్గర హాజరు కావాలె అమ్మా. ఇది నోటీసు. బంట్రోతును పంపుతమన్నరు. నేనే తెచ్చిన." ఆయన ఆమె కళ్లలోకి చూడలేదు. "నా రిపోర్టు మీద వాళ్లు ఇంకోటి రాసిండ్రు. చదువుత, విను. బుగ్గమ్మ అను కూలి మనిషి, కాగ్నా నీళ్లు తేవలసిందని ఇచ్చిన ఆజ్ఞను మీరి, తన సౌకర్యం కోసం దగ్గరి బావి నుండి ఉప్పు నీళ్లు రహస్యంగా తెచ్చి కలిపినందున కప్పు చెడి, ఒక మనిషి ప్రాణం పోయినది. గుత్తేదారు దోషమేమీ లేదు. సదరు కూలి మనిషి మీద కేసు పెట్టవలెను."

పొయ్యి దగ్గర రొట్టె కొట్టే చప్పుడు ఒక క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

"రాసుకోనియ్యిండ్రి," అంది బుగ్గమ్మ.

"ఎట్ల రాసుకోనిస్త? రాత్రి లెక్క చూసుకున్న. నా బుద్ధికి ముందే తట్టలేదు. ఆ కప్పుకు డెబ్బై బస్తాల సిమెంటు పట్టింది. బస్తాకు రెండు బిందెలన్న కావాలె. నూటనలభై బిందెలు. కప్పు ఒక్క దినంల పోసిండ్రు, నడుమ ఆపలేదు. నువ్వొక్కదానివే నూటనలభై బిందెలు తోడి, మోసి, నిచ్చెనెక్కించినవా?"

"మోసిన."

"అబద్ధం చెప్తున్నవు. నీతోని ఇంకా మనుషులున్నరు. నిలబెట్టి మోయించినోడు ఉన్నడు. వాళ్ల పేర్లు చెప్తే ఇది నీ మీదికి రాదు. ఎందుకు చెప్తలేవు?"

"సారు, మెల్లగ మాట్లాడుండ్రి," అని బుగ్గమ్మ తలుపు వైపు చూసింది. "నేనొక్కదాన్నే. ముసల్దాన్ని, నాకేం పోతది? జైల్ల పెడ్తే పెట్టనియ్యిండ్రి. పోండ్రి సారు."

ఆయన నోటీసు ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

బుగ్గమ్మ లోపలికి వచ్చింది. భీమమ్మ రొట్టెను పెనం మీద వేసింది. తిప్పవలసిన వేళ దాటినా తిప్పలేదు. మాడిన వాసన వచ్చింది. బుగ్గమ్మ వంగి రొట్టెను తీసి పక్కన పెట్టింది.

"వదినె," అంది భీమమ్మ మంట వైపే చూస్తూ. "ఆ తోళ్ల బాయి నీళ్లతోనేనా?"

బుగ్గమ్మ నోటీసును మడిచి నడుముకు దోపుకుంది. భీమమ్మ ఇంకో ముద్ద తీసి పీట మీద పెట్టి కొట్టడం మొదలుపెట్టింది. చేతులు ఆగకుండా, పలచబడి చిరిగిపోయేదాకా కొట్టింది.

*

పొద్దున బుగ్గమ్మ ఒక్కతే స్టేషనుకు బయలుదేరింది. బండి వచ్చే వేళకు చూస్తే భీమమ్మ, పిల్లను కొంగులో కట్టుకుని ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉంది. ఇద్దరూ ఒకే పెట్టెలో ఎక్కారు. భీమమ్మ కిటికీ పక్క కూర్చుని బయటికి చూస్తూ ఉండిపోయింది. ధారూరు దాటింది. అడవి వచ్చింది. పిల్ల ఏడిస్తే పాలిచ్చింది. వికారాబాదులో దిగారు.

ఇంజనీరు గదిలో పొడుగాటి బల్ల, దాని మీద పచ్చటి గుడ్డ. ఒక పక్క టైపు మిషను ముందు ఆఫీసు గుమాస్తా, ఇంకో పక్క చంద్రశేఖర్ ఉన్నారు. ఇంజనీరు మంచి మనిషిలాగానే కనిపించాడు. ఆడవాళ్లిద్దరినీ కింద కూర్చోమన్నాడు. కాగితం చదివించాడు.

"ఇదంతా నిజమేనా? నిజమైతే ఇక్కడ వేలిముద్ర వెయ్యి," అన్నాడు.

బుగ్గమ్మ లేచి బల్ల దగ్గరికి నడిచింది. గుమాస్తా సిరా పెట్టె మూత తీశాడు.

"నేను గూడ మోసిన," అంది భీమమ్మ వెనకనుంచి.

"ఎవరీమె?"

"చనిపోయినతని భార్య సార్," అన్నాడు చంద్రశేఖర్.

ఇంజనీరు గొంతు తగ్గించాడు. "చూడమ్మా, నీ దుఃఖం నాకు తెలుసు. నువ్వు బయట కూచో."

"బయట కూచోను. నేను గూడ మోసిన. పది బిందెలో పదిహేను బిందెలో నాకు లెక్క లేదు. మా వదినె మోసింది. కొండమ్మ మోసింది. దోమ ఊర్లకెల్లి వచ్చిన అక్కచెల్లెండ్లిద్దరు మోసిండ్రు." ఒక్కొక్క పేరే చెప్పుకుంటూ పోయింది. మూడు పేర్లు గుర్తు రాక ఆగింది. "ఇంకా ముగ్గురు. పన్నెండు మందిమి. ముకద్దం నర్సింహులు కట్టె పట్టుకొని బాయి మీద నిలబడ్డడు. ఉప్పు నీళ్లని ఎవలికి తెల్వదు? ఊరందరికి ఎరుకే. గుత్తేదారు కుర్చేసుకొని గొడుగు కింద కూసుండె."

"భీమీ, ఊకో," అంది బుగ్గమ్మ.

"ఎందుకు ఊకుంట?" భీమమ్మ పిల్లతోపాటే లేచి నిలబడింది. "నా మొగుని సావు నువ్వొక్కదానివే మోస్తవా?"

 ఇంజనీరు పెన్ను తిప్పుతూ, "అట్లయితే పన్నెండు మంది పేర్లూ రాయి," అన్నాడు గుమాస్తాతో.

"రాయిండ్రి. నా పేరే ముందు రాయిండ్రి. మొగుణ్ని చంపుకున్నదని రాయిండ్రి. దాని కిందనే కట్టె పట్టినోని పేరు, గొడుగు కింద కూసున్నోని పేరు గూడ రాయిండ్రి."

గుమాస్తా వేళ్లు మిషను మీద ఆగిపోయాయి. ఇంజనీరు చంద్రశేఖర్ వైపు తిరిగాడు. "నీ రిపోర్టులో ఒక్కతే అని ఉంది గదా?"

"నాది తప్పు సార్. లెక్క చూడకుండ రాసిన. ఒక్క మనిషితోని అయ్యే పని కాదది. అది మార్చకుంటే ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేను." 

పరీక్ష చేసినవాడి సంతకం లేకుండా ఆ కాగితం పైకి పోదు. పన్నెండు పేర్లు రాస్తే గుత్తేదారు పేరూ రాయాలి. ఇంజనీరు కాగితం తనవైపు లాక్కుని, సగానికి పైగా ఒకే గీతతో కొట్టేసి, కింద ఒక వాక్యం రాశాడు. మిగిలిన దానిని గుమాస్తా మళ్లీ టైపు కొట్టి చదివాడు. వాడిన నీళ్లలో ఉప్పు అధికంగా ఉన్నందున లోపలి ఇనుము తుప్పు పట్టి కప్పు కూలినది. బాధ్యులెవరైనదీ నిర్ణయించుటకు తగిన ఆధారములు లేవు.

"అంతేనా?" అంది భీమమ్మ.

"మీ ఎవరి మీదా కేసు లేదు. పోండి," అన్నాడు ఇంజనీరు.

బయట వేపచెట్టు కింద చంద్రశేఖర్ వాళ్లను కలుసుకున్నాడు. నర్సింహులు ఇప్పుడు బీదరు దిక్కున ఏదో వంతెన పనిలో ఉన్నాడని, ఆ వంతెన కూడా ఆ గుత్తేదారుదేనని చెప్పాడు. తనను ఇక్కడ ఎన్నాళ్లు ఉంచుతారో తెలియదన్నాడు. పిల్ల తల మీద చేయి పెట్టి, లోపలికి వెళ్లిపోయాడు.

*

తాండూరులో దిగేసరికి పొద్దు వాలుతోంది. స్టేషను బయట ఇంటి దారి ఎడమకు. భీమమ్మ కుడివైపు తిరిగింది. బుగ్గమ్మ వెనక నడిచింది.

జంగప్ప ఇంటి ముందు శాంతవ్వ జొన్నలు చెరుగుతోంది. భీమమ్మను చూసి చేట వదిలి లేచింది. మళ్లీ ఏం చేస్తుందోనని అడుగు వెనక్కి వేసి, చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భీమమ్మ వాకిలి అవతలే నిలబడిపోయింది. 

"మేస్త్రి ఉన్నడా?" అని బుగ్గమ్మే అడిగింది.

జంగప్ప లోపలినుంచి వచ్చాడు. వాచిన చేతికి పసుపు పట్టు కట్టి ఉంది. గుంజకు ఆనుకుని, ఎవరేం చెప్పినా వింటానన్నట్టు నిలబడ్డాడు.

"సిమెంటుది కాదంట మామా," అంది భీమమ్మ తల వంచుకుని. "నీళ్లదంట. మేం మోసిన నీళ్లది. నేను మోసిన. నింద నీ మీద వేసిన. నిన్ను కొట్టనియ్యమన్న."

జంగప్ప గుంజను పట్టుకుని మెల్లగా అరుగు మీద కూర్చున్నాడు. మంచి చేత్తో మోకాలు రుద్దుకున్నాడు.

"ఆనాడు మాల్ ఎండుతుండె బిడ్డా," అన్నాడు. "ఎండ మస్తుగ ఉండె. నీళ్లు, నీళ్లు, జల్ది తెండ్రని మీద నిలబడి కేకలు పెట్టింది నేనే. నా కేకకే మీరంత ఉరికిండ్రు. ఠాణాల కూసోని అదే యాద్ చేసుకుంటుంటి. ఏ బాయివని ఒక్కసారన్న అడగలె."

శాంతవ్వ ముఖం మీంచి చేతులు దించింది. ఇంకా దగ్గరికి రాలేదు గానీ, కింద పడ్డ చేట తీసి గోడకు ఆనించింది.

భీమమ్మ పిల్లను చంక దించి ఆ గడప మీదే కూలబడింది. ఇంటికి పోదామని బుగ్గమ్మ అనలేదు.